కొసరు కంకర

కెనడాలో ప్రభుత్వ రోడ్డు పని మీద కొసరు రాబట్టిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే. ఇలాంటి వాటికి రికార్డులు ఎవరూ పెట్టరు కాబట్టి ఈ మాట ధైర్యంగా అనగలుగుతున్నాను. కిలో కందిపప్పు తూచాక పైన ఇంకో గుప్పెడు వేయించుకోవడం మనవాళ్ళలో ఎవరైనా చేస్తారు. నేను తొమ్మిది కిలోమీటర్ల రోడ్డుకు వేయించుకున్నాను. గుప్పెళ్ళతో కాదు, లారీలతో. ఒక్క సెంటు ఇవ్వకుండా. ఆ సాయంత్రం 401 హైవే మీద మిస్సిసాగాకి కారు నడుపుకుంటూ వస్తూ, మా నాన్న బతికుంటే ఈ ఒక్క బేరం విని గల్లాపెట్టె తాళాలు తమ్ముడికి కాకుండా నాకే ఇచ్చేవాడనుకున్నాను. అంత గొప్పగా చేశాను.

ఆ కంకర మీద మోటార్‌సైకిళ్ళు జారి పడటం తర్వాతి వారం మొదలైంది.

నేను పుట్టి పెరిగింది నరసరావుపేటలో, కిరాణా కొట్టు వెనక గదుల్లో. మా వీధి పొడుగునా కొట్లే. పక్కన ఇత్తడి సామాన్లు, ఎదురుగా బట్టలు, మూల మీద ఎరువులు. మా ఇళ్ళల్లో పిల్లలకు ఎక్కాల కంటే ముందు వచ్చేది అవతలి మనిషి మొహం చదవడం. ఎవరైనా మెట్టెక్కుతుండగానే, ఈవిడ కొంటుందా, బేరమాడి పోతుందా అని నాన్న కళ్ళతో అడిగేవాడు, నేను తలతో చెప్పేదాన్ని. ఆ చదువు మీద సివిల్ డిప్లొమా ఒకటి, తర్వాత పెళ్ళి, తర్వాత కెనడా. మిస్సిసాగాలో కాపురం పెట్టాక, గంట దూరంలో ఉన్న ఒక కౌంటీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. రోడ్ల శాఖలో కాంట్రాక్టుల పని. పొలాలు, గుర్రాలు, చిన్న చిన్న చర్చిలు, వాటి మధ్య కౌంటీ రోడ్లు. ఆ రోడ్లు బాగుచేసే వాళ్ళతో మాట్లాడటం, వాళ్ళ పని చూడటం, బిల్లులు పాస్ చేయడం. రిటైరయ్యేదాకా అదే చేశాను. ఇప్పుడు అలాంటి ఆఫీసుల్లో మన పిల్లలు చాలామంది చేరుతున్నారు. బేరంలో మీరంతా నాకంటే అమాయకులని నా అనుమానం. అందుకే ఇది మీకు చెబుతున్నాను.

ఇక్కడ టెండర్ తెరిచాక బేరం ఆడకూడదు. ధర కాగితం మీద వచ్చేస్తుంది, తక్కువ రాసినవాడికి పని పోతుంది, మనం నోరు విప్పే అవకాశమే లేదు. చేరిన కొత్తలో నాకది వంటమనిషిని ఏకాదశి నాడు పనిలో పెట్టుకున్నట్టు అనిపించింది. అయితే పని మొదలయ్యాక ఏదో ఒకటి అటూ ఇటూ అవుతుంది. అప్పుడు చిన్న చిన్న మార్పులు మాట్లాడుకోవచ్చు. నా ప్రతాపమంతా ఆ మార్పుల్లో చూపించేదాన్ని. ఆఫీసులో పేరు కూడా వచ్చింది. మా మేనేజర్ నాకంటే చాలా చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎవరినైనా ధర తగ్గించమని అడగాల్సి వస్తే అతని చెవులు ఎర్రబడేవి. అలాంటి ఫోన్లన్నీ నా బల్ల మీదికి తెచ్చి పెట్టి, తలుపు దగ్గర నిలబడి వినేవాడు, ఉచితంగా నాటకం చూస్తున్నట్టు.

ఇక రోడ్డు సంగతి. అది నది పక్కన మెలికలు తిరుగుతూ పోయే పాత రోడ్డు. వేసవి ఆదివారాల్లో సిటీ నుంచి మోటార్‌సైకిళ్ళ వాళ్ళు ఆ మెలికల కోసమే వస్తారు. దానికి ఆ ఏడు పైపూత పడింది. పని తీరు కాస్త చెప్పాలి, లేకపోతే నా ఘనత మీకు అర్థం కాదు. పాత రోడ్డు మీద తారు పలచగా చల్లుతారు. దాని మీద గోరంత సైజు కంకర పరుస్తారు. రోలర్ తొక్కుతుంది. రెండు మూడు రోజులు బళ్ళు నెమ్మదిగా తిరిగాక, అంటుకోకుండా మిగిలిన రాళ్ళను ఊడ్చే బండి వచ్చి ఊడ్చేస్తుంది. అరిసె మీద నువ్వులు అద్దినట్టే. పిండి పట్టినన్ని పడతాయి, మిగతావి పళ్ళెంలో రాలతాయి. ఈ పోలిక నాకు తర్వాత తట్టింది. ముందే తట్టాల్సింది. అరిసెలు చేసిన చేతులే కదా.

వానలు పడి కాంట్రాక్టర్ వారం ఆలస్యం చేశాడు. అతని తాత ఇటలీ నుంచి వచ్చి రోడ్లు వేశాడు, తండ్రీ రోడ్లే వేశాడు. నవ్వు మొహం, బరువైన చేతులు. లెక్కలు నోటితోనే చేస్తాడు. అతన్ని చూస్తే మా వీధి మనిషిలాగే ఉండేవాడు. ఆలస్యానికి జరిమానా రాసి ఉంది కానీ, వాన నా చేతిలో లేదని అతను వాదిస్తాడు, ఆ వాదన తేలేసరికి మంచు పడుతుంది. అతని పికప్ వెనక తలుపు దించి, దాని మీద కాఫీలు పెట్టుకుని మాట్లాడుకున్నాం. రోడ్డు పక్కన పొలంలో అతని కంకర కుప్పలుగా పోసి ఉంది. మా పనికి కావాల్సిన దానికంటే చాలా ఎక్కువ. నా కళ్ళు వాటి మీద పడ్డాయి. జరిమానా వదిలేస్తాను, మిగిలే కంకర కూడా మా రోడ్డు మీదే దళసరిగా వేసేయండి, ఊరికే, అన్నాను.

"మొత్తమా?" అన్నాడు.

"మొత్తం."

"సరే," అన్నాడు.

అంతే. కాఫీ ఇంకా నోరు కాల్చేంత వేడిగా ఉంది. మా నాన్న ఒక మాట చెప్పేవాడు: అవతలివాడు గుక్క తిప్పుకోకుండా ఒప్పుకుంటే చెయ్యి వెనక్కి తీసుకుని సరుకు మళ్ళీ చూసుకో. ఆ మాట నాకు గుర్తొచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చినా, గెలిచిన ఆనందం ముందు అది మూలన కూర్చుంది.

పైగా కాంట్రాక్టరే ఇంకో సలహా ఇచ్చాడు. ఇంత దళసరిగా వేశాక వెంటనే ఊడిస్తే ఏం లాభం, పది రోజులు బళ్ళు తిరగనిస్తే రాయి లోపలికి నొక్కుకుంటుంది, ఆ తర్వాత బుధవారం వచ్చి ఊడుస్తా అన్నాడు. నా చెవికి అది తేనె. ఊరికే వచ్చిన సరుకును ఎవరు ఊడ్చి పారేస్తారు? ఊడ్చే తేదీ వెనక్కి జరుపుతూ సంతకం పెట్టాను.

మా రోడ్ల సూపర్‌వైజర్ నాకంటే సంతోషించాడు. రైతు బిడ్డ, పుట్టిందీ పెరిగిందీ ఆ కౌంటీలోనే. మాటల విషయంలో మహా పొదుపరి. కొత్త రోడ్డు చూసి, రాయి ఎక్కువైతే రోడ్డుకు మంచిదే అన్నాడు. ఆ వారానికి అతని మాటల కోటా అక్కడితో అయిపోయింది. కాంట్రాక్టర్‌తో కలిపి ముగ్గురం ముగ్గురమే.

మొదట కారు అద్దాల ఫోన్లు వచ్చాయి. ముందు పోయే బండి టైరు కింద నుంచి రాయి ఎగిరి అద్దానికి తగిలిందని. కొత్త రోడ్డంటే మామూలే అన్నాం. తర్వాత ఒక మోటార్‌సైకిల్ ఆయన ఫోన్ చేశాడు. నది మలుపులో ముందు చక్రం పక్కకు పోయి పడ్డాడు, మోచెయ్యి చెక్కుకుపోయింది, బండికి సొట్టలు పడ్డాయి. ఆ ఫోన్ కూడా మేనేజర్ నా బల్ల మీదికే తెచ్చాడు. నేనేం చేశానో చెబుతాను. బేరమాడాను. ఎంత స్పీడులో వెళ్ళారన్నాను. టైర్లు ఎప్పుడు మార్చారన్నాను. వదులు కంకర అని బోర్డు పెట్టాం, చూడలేదా అన్నాను. పది నిమిషాల్లో ఆయన కోపాన్ని సగానికి దించాను, మరో అయిదు నిమిషాల్లో ఆయనే నాకు థాంక్స్ చెప్పి పెట్టేశాడు. తలుపు దగ్గర మేనేజర్ చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. ఆ రోజు గురించి నేను ఎవరికీ గొప్పగా చెప్పుకోను.

గురువారం ఆవిడ పడింది.

ఆవిడ నలభై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇల్లు ఆ మలుపులోనే. ఆ కౌంటీలో సగం మందిని చిన్నప్పుడు బస్సులో కూర్చోబెట్టి, లేస్తే కేకలేసింది. మా మేనేజర్నీ, సూపర్‌వైజర్ పిల్లల్నీ కూడా. రిటైరయ్యాక బస్సు వదిలి పెద్ద మోటార్‌సైకిల్ ఎక్కింది. నేను మనసులో బస్సావిడ అని పిలుచుకునేదాన్ని, ఇక్కడా అలాగే రాస్తాను. ఆ రోజు పాల డబ్బా కోసం వెళ్ళి వస్తూ, తన ఇంటి మలుపులో, తను వేలసార్లు తిప్పిన మలుపులో, సైకిల్ వేగంతో తిప్పుతుంటే బండి కింద నుంచి రోడ్డు జరిగిపోయింది. చీలమండ రెండు చోట్ల విరిగింది. ఆమె దగ్గర స్పీడు మీద గానీ టైర్ల మీద గానీ బేరమాడటానికి ఏమీ లేదు.

ఇంకో సంగతి ఉంది. ఏటా వేసవిలో ఒక ఆదివారం ఆ చుట్టుపక్కల మోటార్‌సైకిళ్ళ వాళ్ళంతా కలిసి నది రోడ్డు వెంట ఊరేగింపుగా వెళతారు. ఊళ్ళో చిన్న ఆసుపత్రికి ఏదో ఒక పరికరం కొనిపెట్టడానికి చందాలు పోగుచేస్తారు. దాన్ని నడిపేది బస్సావిడే. ఆ ఏటి ఆదివారం ఇంక మూడు రోజుల్లో ఉంది. వందల బళ్ళు. అన్నీ ఆ మలుపు మీదుగానే. మేం ఊడుస్తామన్నది ఆ తర్వాత బుధవారం.

శుక్రవారం పొద్దున ఆసుపత్రి మంచం మీద నుంచే ఆమె మేనేజర్‌కి ఫోన్ చేసింది. శనివారం సాయంత్రానికి రోడ్డు శుభ్రంగా లేకపోతే ఊరేగింపు రద్దు చేస్తానని, ఎందుకు రద్దు చేశానో ప్రతి బండి వాడికీ చెబుతానని అన్నదట. కేకలు వేయలేదట. బస్సులో ఆమె కేకలు వేయకుండా మాట్లాడిందంటే అందరం సీట్లలో సర్దుకుని కూర్చునేవాళ్ళమని మేనేజర్ చెప్పాడు. చెబుతూ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

కౌంటీ ఇన్సూరెన్స్ వాళ్ళ నుంచి కూడా మాట వచ్చింది. గాయపడిన మనిషితో ఎవరూ పని గురించి మాట్లాడకూడదు, తప్పు ఎవరిదన్న ప్రస్తావనే తేకూడదు.

నేను కారేసుకుని మలుపు దగ్గరికి వెళ్ళాను. సూపర్‌వైజర్ అప్పటికే అక్కడ ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. ఇద్దరం రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాం. నేను కంకర గుప్పిట్లోకి తీశాను. పొడిగా ఉంది. ఒక్క రాయికీ తారు మరక లేదు. ఇంకో గుప్పెడు తీశాను, ఇంకోటి. కింద ఒక్క వరస మాత్రం గట్టిగా కరుచుకుని ఉంది, దాని మీద ఉన్నదంతా గోళీల్లా దొర్లుతోంది. తారు పట్టుకోగలిగింది ఒక వరసనే. తక్కినదంతా నా కొసరు.

అప్పుడు మా నాన్న ఇంకో అలవాటు గుర్తొచ్చింది. కొసరు వేసే ముందు ఆయన సంచిలోకి చూసేవాడు. సంచి నిండా ఉంటే, ఎంత అడిగినా వేసేవాడు కాదు. ఇంటికి చేరేలోపు దారంతా ఒలుకుతుందమ్మా, ఒలికిన పప్పు మీద కాలేసి ఎవరైనా జారితే తిట్టేది మన కొట్టునే అనేవాడు. ఆడవాళ్ళు పిసినారి శెట్టి అని గొణుక్కుంటూ పోయేవాళ్ళు. నేనూ గొణిగేదాన్ని. కొసరు అడగటం నేర్చుకున్నాను గానీ సంచిలోకి చూడటం నేర్చుకోలేదు.

ఆఫీసుకి వచ్చి మేనేజర్‌కి చెప్పాను, రేపే ఊడవాలని. వారాంతపు రేటు బడ్జెట్‌లో లేదని, అయినా అవసరమేనని, కాంట్రాక్టర్‌తో మాట్లాడి తగ్గించమని అన్నాడు. నీకంటే బాగా ఎవరు తగ్గించగలరు అని ఫోన్ నా వైపు తోశాడు. తోసి, అలవాటుగా తలుపు దగ్గర నిలబడ్డాడు.

కాంట్రాక్టర్ వేరే కౌంటీలో పనిలో ఉన్నాడు. శనివారం పొద్దున ఊడ్చే బండి కావాలన్నాను. అక్కడ పని ఆపి, బండిని లారీ మీద ఎక్కించి తేవాలి, డ్రైవర్లకు వారాంతపు కూలి అంటూ ఒక అంకె చెప్పాడు. మామూలు రేటుకు రెండింతలు దాటిన అంకె. అందులో సగం బేరానికి వదిలిపెట్టినదని నాకు తెలుసు. నాకు తెలుసని అతనికి తెలుసు.

"సరే," అన్నాను.

నేను సరిగా వినలేదేమోనని అతను ఆ అంకె మళ్ళీ చెప్పాడు. మళ్ళీ సరే అన్నాను.

"ఒంట్లో బాగానే ఉందా మీకు?" అన్నాడు.

"బాగానే ఉంది."

"మీరు బేరమాడకపోతే నాకు భయంగా ఉంది."

తలుపు దగ్గర మేనేజర్ నవ్వు ఆగిపోయింది. నేను అటు తిరిగి కూర్చున్నాను. ఆవిడ పడిన సంగతి కాంట్రాక్టర్‌కి చెప్పాను. చీలమండ సంగతి, ఆదివారం సంగతి. అతను గొంతు తగ్గించి, ఆ కంకర ఇంకో పనిలో మిగిలిపోయిందని, క్వారీకి వెనక్కి తోలాలంటే లారీల ఖర్చు తడిసి మోపెడయ్యేదని, నేను అడిగినప్పుడు నన్ను దేవుడే పంపినట్టు అనిపించిందని చెప్పాడు.

"తెలుసు," అన్నాను.

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు సరే అన్నప్పుడే. కాఫీ చల్లారకముందే."

ఇద్దరం బేరాల మధ్య పుట్టి పెరిగినవాళ్ళమే కాబట్టి అంతకు మించి విడమరచి చెప్పుకోలేదు. బండి తనే నడుపుకుంటూ వస్తానన్నాడు.

శనివారం మా ఇంట్లో పులిహోర కలుపుతుంటే మా ఆయన ఎక్కడికని అడిగాడు. ఊడవడానికి అన్నాను. ఆయన మందుల కంపెనీలో ముప్పై ఏళ్ళు క్వాలిటీ చూసిన మనిషి, ఏ పనీ ఒకసారి చెబితే నమ్మడు. తొమ్మిది కిలోమీటర్లా అని రెండుసార్లు అడిగి, చెప్పులు వదిలి బూట్లు వేసుకున్నాడు. దారిలో ఇండియన్ స్టోర్ ముందు ఆపించాను. లోపల ఈనెల చీపుర్లు ఉన్నాయి. ఒక్కోటి నాలుగు డాలర్లు. నా చెయ్యి ఊరుకోలేదు. రెండూ కలిపి ఏడుకు ఇస్తావా అన్నాను. ఇచ్చాడు. కార్లోకి ఎక్కాక మా ఆయన, ఇంకా తగ్గలేదన్నమాట జబ్బు అన్నాడు.

ఊడ్చే బండి తిన్నని రోడ్డు మీద అద్భుతంగా పనిచేసింది. గుండ్రని బ్రష్ తిరుగుతూ, దుమ్ము లేపుతూ, నా ఘనతనంతా కాలవలోకి తోసేసింది. మలుపుల దగ్గరే చిక్కు. బ్రష్ తోసిన రాళ్ళు మలుపు లోపలి అంచున వరసగా పేరుకున్నాయి. మోటార్‌సైకిల్ మలుపు తిప్పేటప్పుడు చక్రం వచ్చేది సరిగ్గా అక్కడికే. చేత్తో ఊడవక తప్పదు. సూపర్‌వైజర్ ఇద్దరు మనుషుల్ని, పెద్ద పెద్ద ప్లాస్టిక్ బ్రష్షుల్ని తెచ్చాడు. అవి పైన ఊడుస్తాయి గానీ సందుల్లోకి దూరవు. మా ఈనెల చీపుర్లు దూరాయి. సూపర్‌వైజర్ కాసేపు నిలబడి చూశాడు. తర్వాత ఏమీ అడక్కుండా నా చేతిలోది తీసుకున్నాడు. నేను అతని ప్లాస్టిక్ బ్రష్ తీసుకున్నాను. బేరం కుదిరింది, నాకే నష్టం.

మలుపులోని ఇంటి ముందు ఒక మడత కుర్చీలో బస్సావిడ కూర్చుని ఉంది. ముందు రోజు సాయంత్రం ఇంటికి పంపారట. కట్టు కట్టిన కాలు ఒక బకెట్ బోర్లించి దాని మీద పెట్టుకుంది. పక్కన ఊతకర్రలు. నేను దగ్గరికి వెళ్ళలేదు, ఇన్సూరెన్స్ వాళ్ళ మాట మనసులో ఉంది. ఆమెకు అలాంటి అడ్డేమీ లేదు.

"ఆ తెల్ల గీత పక్కన ఇంకా ఉంది," అని అరిచింది.

ఊడ్చాం.

"నువ్వు బ్రష్ పట్టుకున్న తీరు చూస్తే మీ ఇంట్లో ఊడ్చేది ఆయనేనని తెలుస్తోంది."

మా ఆయన నడుము నిటారు చేసి, మంచి పరిశీలన, ఈవిడ నాకు బాగా నచ్చింది అన్నాడు తెలుగులో. ఏమన్నాడని ఆమె అడిగింది. చెప్పాను. అలా మాటలు మొదలయ్యాయి. ఇక దగ్గరికి వెళ్ళకుండా ఉండటం మర్యాద కాదనిపించింది.

మధ్యాహ్నం అందరం ఆమె గడ్డి మీద కూర్చున్నాం. పులిహోర డబ్బా తీశాను. కాంట్రాక్టర్ రెండుసార్లు వేయించుకున్నాడు. మేనేజర్ కూడా వచ్చాడు. జీన్స్ ప్యాంటులో అతన్ని చూడటం అదే మొదటిసారి. ఆమె వెనక నుంచి తప్పుకుని వెళ్ళబోతుంటే, కూర్చో, బస్సు కదలబోతోంది అన్నది. కూర్చున్నాడు.

పులిహోరలో వేరుశెనగలు ఏరుకుని తింటూ, ఇంత కంకర ఎప్పుడూ చూడలేదు, ఈసారి ఎవరికి తిక్క పుట్టింది అని ఆమె మామూలుగా అడిగింది. ఎవరినీ ఉద్దేశించి అడగలేదు. కాంట్రాక్టర్ కాగితపు ప్లేటులోకి చూశాడు. సూపర్‌వైజర్ నదిలోకి చూశాడు. మేనేజర్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు.

నాకు ఆ క్షణంలో వేరే తోవ లేకపోలేదు. ఫోన్‌లో ఆ మోచెయ్యి చెక్కుకుపోయిన మనిషితో పదిహేను నిమిషాలు మాట్లాడాను కదా, అలా ఈవిడతోనూ మాట్లాడగలను. వాన, తారు, వేడి, బోర్డులు, చాలా ఉన్నాయి చెప్పడానికి. రేపు ఈ మలుపులో మళ్ళీ ఎవరైనా పడితే అప్పుడూ చెప్పగలను.

"నేనే," అన్నాను. "కంకర ఎక్కువ వేయమని నేనే అడిగాను. ఊడవడం వెనక్కి జరపడానికీ నేనే సంతకం పెట్టాను."

ఆమె నములుతూనే ఉంది.

"ఎంతకి?"

"ఊరికే."

బకెట్ మీద ఉన్న తన కాలు వంక చూసుకుంది.

"నాకు ఊరికే రాలేదు," అంది.

ఆమె ప్లేటు గడ్డి మీద పెట్టి, నా మొహంలోకి కాసేపు చూసింది. బస్సు అద్దంలో వెనక సీటు వైపు చూసినట్టు. మా నాన్న తర్వాత నన్ను అంత సరిగ్గా చదివిన మనిషి ఆమే.

"ఇంకోసారి కంకర కాదు, డిస్కౌంట్ అడుగు," అంది. "లే, ఆ మూల మిగిలిపోయింది."

లేచి ఊడ్చాను. సాయంత్రం ఆమె ఊతకర్రల మీద వచ్చి, బూటు మడమతో మలుపు అంచున గీరి చూసింది. రెండు చోట్ల మళ్ళీ ఊడ్పించింది. మూడోసారి ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి ఫోన్ అందుకుంది. రేపు ఉందని ఎవరికో చెప్పడం కిటికీలోంచి వినిపించింది.

ఆదివారం నేనూ మా ఆయనా వెళ్ళాం. ఆమె అదే కుర్చీలో ఉంది, ఆ ఏడు ముందు నడపడానికి బదులు. బళ్ళు వరసగా వచ్చాయి. మలుపులో ఒక్కొక్కటీ వంగినప్పుడల్లా నేను దాని చక్రం కిందే చూశాను. ఒక్కటీ జారలేదు. ప్రతివాడూ వంగి లేస్తూ ఎడమ చెయ్యి ఆమెకు ఎత్తి చూపించాడు. చివరి బండి పోయాక ఆమె, టీ ఏమైనా తెచ్చావా అంది. తెచ్చాను. అల్లం ఎక్కువైంది అంది. అయినా రెండో కప్పు తాగింది.

సోమవారం నాకు పడాల్సింది పడింది. చెప్పవద్దన్న మాట చెప్పినందుకు ఇన్సూరెన్స్ వాళ్ళ నుంచి ఘాటైన ఉత్తరం, మేనేజర్ గదిలో తలుపు మూసి చివాట్లు. సగంలో సూపర్‌వైజర్ తలుపు తోసుకుని వచ్చాడు. రాయి చూసి నేనూ సంతోషించాను, అందులో సగం నాకివ్వండి అన్నాడు. చివాట్లలో వాటా అడిగిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. మేనేజర్‌కి నవ్వు వచ్చింది, చెవులు ఎర్రబడ్డాయి, చివాట్లు అక్కడితో ఆగాయి. తర్వాత తెలిసిందేమంటే, వాదించడానికి ఏమీ మిగలకపోవడంతో ఆమె పరిహారం తొందరగా తేలిపోయింది. ఆ వేసవి నుంచి మా కాంట్రాక్టుల్లో ఒక వాక్యం చేరింది: రాసినదానికి మించి కంకర వేయరాదు, ఉచితంగానైనా సరే. ఆ చివరి మాట చదివి కొత్త కాంట్రాక్టర్లు ఇదేమిటని అడిగేవాళ్ళు. మా ఆఫీసులో ఒకావిడ ఉంది లెండి అని మేనేజర్ చెప్పేవాడు.

మోచెయ్యి చెక్కుకుపోయిన ఆయనకి ఆ వారమే ఫోన్ చేశాను. ఆ రోజు మీరు చెప్పిందే సరైనదన్నాను. బండి బాగుచేయించుకోవడానికి ఎలా అప్లై చేయాలో చెప్పాను. ఈసారి ఆయన థాంక్స్ చెప్పలేదు. అదే సబబు.

ఇప్పుడు నేను రిటైరై, కూతురి పిల్లలకు అరిసెలు చేస్తూ సుఖంగానే ఉన్నాను. బస్సావిడ మళ్ళీ బండెక్కింది. ఏడాదికోసారి ఆ ఆదివారం మేం వెళ్ళి ఆమె గడ్డి మీద కూర్చుంటాం. నేను పులిహోర తెస్తాను, ఆమె అల్లం సంగతి ఎత్తుతుంది.

చివరి బిల్లు చెప్పి ముగిస్తాను. కొట్టు పిల్లను కాబట్టి లెక్క చూపించకుండా లేవకూడదు.

వచ్చింది: ఎనిమిది వేల డాలర్ల కంకర. అలా రాసుకుని కొన్నాళ్ళు తిరిగాను. నిజానికి దాన్ని కాలవలోకి ఊడ్చేశాం కాబట్టి సున్నా. పోయింది: వదిలేసిన జరిమానా మూడు వేలు, శనివారం ఊడ్చినందుకు పదకొండు వేలు, కారు అద్దాలకూ ఆ మోచెయ్యి ఆయన బండికీ కలిపి రెండు వేల చిల్లర. అదంతా కౌంటీ భరించింది, నేను కాదు. బస్సావిడకి ఇన్సూరెన్స్ వాళ్ళు ఎంత ఇచ్చారో నాకు తెలియదు. నా జీవితంలో ధర అడగకుండా వదిలేసింది అదొక్కటే. ఆమెకు పోయింది ఒక వేసవి, చీలమండలో ఉండిపోయినవి అయిదు స్క్రూలు. అవీ నేను భరించలేదు.

నా సొంత చేతి నుంచి పడింది రెండు ఈనెల చీపుర్లు, ఏడు డాలర్లు. అందులో ఒకటి సూపర్‌వైజర్ తిరిగి ఇవ్వలేదు.